బస్సు పడనివాళ్ళ తిరుపతి ప్రయాణం

మొన్నొక సాయంత్రం మా చెల్లెలి మనవరాలిని తిరుపతి బస్సు ఎక్కించడానికి అనంతపురం బస్టాండుకు వెళ్ళాను. ఆ పిల్ల రమ్మనలేదు, నా మనసే ఊరుకోలేదు. ఆమె సర్దుకున్న సామానంతా వీపుకు తగిలించుకునే ఒక సంచి, చేతిలో ఫోను, అంతే. బస్సు వచ్చి నిలబడ్డాక సంచి పక్క జేబులోంచి ఒక చిన్న మాత్ర తీసి, సీసాలో నీళ్ళతో గుటుక్కున మింగి, "ఇది ఏసుకుంటే కడుపులో తిప్పదు జేజీ, నిద్ర లేస్తూనే తిరుపతి" అని నవ్వి, మెట్లెక్కి, తెర లాగేసుకుంది. నేను కిటికీ కింద చెయ్యి ఊపుతూనే ఉన్నాను, తెర వెనక ఆమెకు కనబడనని తెలిసి కూడా.

ఒక్క మాత్ర! ఇంటికి తిరిగివస్తూ ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. నా కడుపును తిరుపతి దాకా తీసుకుపోవడానికి, ఒకప్పుడు, ఒక మనిషి నెలల తరబడి పడిన పాట్లు గుర్తొచ్చాయి.

నా ఈడువాళ్ళకు ఆనాటి ఎర్రబస్సుల వాసన చెప్పనక్కరలేదు. ఎండకు కాగిన సీట్ల వాసన, డీజిలు వాసన, బీడీ పొగ, ఎవరి గంపలోనో వాడిపోతున్న కొత్తిమీర, ఎవరి ఒడిలోనో మేకపిల్ల, ఇవన్నీ కలిసి ఒక ముద్దయి గొంతులో అడ్డుపడేది. మా ఊరు కొత్తచెరువుకు ఎంతో దూరం కాదు, తారురోడ్డు దిగి ఒక వంక, అదే చిన్న వాగు, దాటితే వస్తుంది. ఆ కాస్త దూరం కూడా నేను కక్కుకోకుండా పోయిన పాపాన పోలేదు. బస్సు మా వంక దాటకముందే నా మొహం పాలిపోయేది, పక్కనున్నవాళ్ళు పైట సర్దుకుని జరిగి కూర్చునేవాళ్ళు. హైస్కూలు చదువంతా అందుకే నడిచిపోయి నడిచివచ్చి పూర్తిచేశాను. ఊళ్ళో నాకు బస్సు పడని పిల్ల అనే పేరు స్థిరపడిపోయింది.

అటువంటి పిల్లకు తిరుపతిలో నర్సు శిక్షణకు సీటు వచ్చింది.

ఆ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో సంతోషం ఎంతసేపు నిలిచిందో చెప్పలేను గానీ, దాని వెనకే బెంగ వచ్చి కూర్చుంది. కదిరి, మదనపల్లె, పీలేరు దాటి, ఆ తర్వాత కొండల్లో మలుపులు తిరిగి పోవాలి, పొద్దున ఎక్కితే పొద్దు వాలేదాకా బస్సులోనే ఉండాలి అని తెలిసినవాళ్ళు చెప్పారు. అంతకు ముందు రెండేళ్ళూ వానలు లేవు. బావిలో అడుగు కనబడుతోంది, ఎద్దుల పక్కటెముకలు బయటపడ్డాయి. ఆ స్థితిలో ఇంటిలో ఒకరికి భోజనం పెట్టి చదువు చెప్పి తర్వాత ఉద్యోగం కూడా చూపిస్తామంటే అది మామూలు మాట కాదు. అయినా మా నాయన, బస్సులోనే ఏమన్నా అయితే పిల్లను యాడ పెట్టుకుని ఏడవాలి అని దిగాలుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా అమ్మ చంటివాడైన మా తమ్ముడిని ఒళ్ళో వేసుకుని జోకొడుతూ కూర్చుంది. నేను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, పోకపోతేనే బాగుండునని లోపల్లోపల అనుకున్నాను.

అప్పుడు మాట్లాడింది మా మేనత్త.

మేనత్త అంటే మా నాయనకు అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మా మేకలను తన మేకలు చేసుకుని, మమ్మల్ని తన పిల్లలు చేసుకుని ఉండిపోయిన మనిషి. అక్షరం రాదు. మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది, గుట్ట మీదినుంచి కేకేస్తే చెరువుకట్ట మీది మేక తల ఎత్తి చూసేది. కొత్తచెరువు సంత దాటి ఆమె ఏనాడూ ఎక్కడికీ పోలేదు.

"ఏమ్మే, ఒగ బస్సుకు బయపడి సదువు ఇడిసిపెడ్తావా? మేకపిల్లకు గూడా కొత్త మేత అలవాటు చెయ్యల్ల. ఒగ దినంలో వస్తాదా ఏదన్నా?" అంది. అని అంతటితో ఊరుకోలేదు, ఆ వచ్చే శనివారం నుంచే నన్ను బస్సుకు అలవాటు చేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది, ఈ ఉపాయం ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. మొదటివారం బస్సు ఎక్కి, తర్వాతి ఊరి దగ్గరే దిగిపోయాం. నేను ఎప్పటిలాగే కక్కుకున్నాను. ఆమె తెచ్చుకున్న చెంబునీళ్ళతో నా మొహం కడిగి, నా పావడా కొస కడిగి, తన చీరె మీద పడిందాన్ని కూడా కడుక్కుని, ఏమీ జరగనట్టు నన్ను నడిపించుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ మరుసటి వారం ఇంకొక ఊరు దాకా. అలా వారం వారం కొంచెం కొంచెం దూరం పెంచుతూ, దిగినచోటి నుంచి ఎర్రటి ఎండలో, బీడుపడ్డ చేలమీదుగా మేమిద్దరం నడిచి వచ్చేవాళ్ళం. ఆ రోజు మేకలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పేది. ఆమె లేని రోజు మేకలు సరిగ్గా మేయవని మా నాయన గొణిగేవాడు, ఆమె వినిపించుకునేది కాదు.

ఆ బస్సు కండక్టరు మమ్మల్ని చూస్తేనే మొహం చిట్లించేవాడు. ఒకసారి తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి, "ఏమక్కా, మల్లా వచ్చినావా? నా బస్సు ఎవరు కడగల్ల?" అన్నాడు.

"నేను కడుగుతాలేప్పా. నీళ్ళు నేనే తెచ్చినా, సూడు" అని చంకలోని బిందె చూపించింది మేనత్త. బస్సులో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి చెయ్యి తీశాడు. పిల్ల నర్సమ్మ కావడానికి తిరుపతి పోవాలని, అందుకు ఈ పాట్లని ఆమె ఒక్క బిగిన చెప్పేసింది. ఆనాటి నుంచి డ్రైవరు వెనక మొదటి సీటు మాది. మేము ఎక్కగానే ఆ సీటులో ఎవరున్నా కండక్టరే లేపేవాడు. వెనక చక్రాల మీద కూర్చుంటే కుదుపు ఎక్కువ, ముందరనే కూర్చోవాలి, ఖాళీ కడుపుతోనూ పోకూడదు, మెక్కి కూడా పోకూడదు అని ఆయనే నాకు చెప్పాడు.

బస్సు కదిలింది మొదలు మేనత్త నాతో మాట్లాడిస్తూనే ఉండేది. నా మనసును కడుపు మీదికి పోనిచ్చేది కాదు. గుండెకాయ ఎక్కడుంటుంది, ఎముకలెన్ని, జ్వరం ఎందుకు వస్తుంది అని అడిగేది. నాకు తెలిసింది చెప్పేదాన్ని, తెలియనిది కల్పించి చెప్పేదాన్ని. ఒక చేత్తో నా వీపు నిమురుతూ, ఇంకొక చేత్తో ముందున్న కమ్మీని గట్టిగా పట్టుకుని కూర్చునేది. శనివారం తనకు ఒక్కపొద్దని, ఏమీ తినేది కాదు, దారిలో నాకు మాత్రం నాలుగు బొరుగులు పెట్టేది. ఎండాకాలం గడిచేసరికి నేను కొత్తచెరువు దాకా కక్కుకోకుండా పోగలిగాను. ఆ రోజు బస్సు దిగి ఆమె నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, అది చూసి కండక్టరు ఈల ఊదాడు. ఆ తర్వాత ధర్మవరం కూడా పోయివచ్చాం. అక్కడ మగ్గాల చప్పుడు వింటూ ఒక అరుగు మీద కాసేపు కూర్చుని, తిరుగు బస్సుకు ఇంటికి వచ్చేశాం. ఏ పనీ లేకుండా ధర్మవరం పోయివచ్చిన మొదటి మనుషులం మా ఊళ్ళో మేమే అయ్యుంటాం.

ఇంట్లో మిగతా ఏర్పాట్లూ సాగుతున్నాయి. మా నాయన పాత రేకుపెట్టెకు తుప్పు గీకి నీలంరంగు పూశాడు. మా అమ్మ చెనిక్కాయల పొడి, అదే వేరుశెనగ పొడి, దంచింది, ఎండుకొబ్బరి ఎక్కడినుంచో సంపాదించి అందులో కలిపింది. మేనత్త తన పాత చీరెలు నాలుగు మడతలు వేసి బొంత కుట్టింది. ఆ బొంత దారం వరసలు వంకరటింకరగా పోయేవి గానీ, దాని మీద పడుకుంటే ఒంటికి తగిలే మెత్తదనం నేను తర్వాత ఏ పరుపులోనూ చూడలేదు. నాతో మా నాయన రావాలని నిశ్చయమైంది. ఆయనకు ఒక చొక్కా ఉతికి, ఇస్త్రీ లేక మడతపెట్టి తలగడ కింద పెట్టాం.

పోవలసిన రోజుకు ముందురోజు, పొద్దు వాలుతుండగా, వాన వచ్చింది.

కరువు సీమలో పుట్టనివాళ్ళకు ఆ వాన ఎలాంటిదో చెప్పడం నాకు చేతకాదు. ముందు దుమ్ము లేచింది, తర్వాత పెద్ద పెద్ద చినుకులు రాళ్ళ మీద పడి ఆవిరి లేచింది, ఆ తర్వాత ఎదురింటి గోడ కూడా కనబడలేదు. మా నాయన పంచె ఎగ్గట్టి వాకిట్లో నిలబడి తడిశాడు, చిన్నపిల్లవాడిలా చేతులు చాచాడు. కాసేపటికి ఆయన మొహంలో సంతోషం తగ్గి ఇంకేదో వచ్చింది. నేల తడిసి పదునెక్కింది. పదును ఆరకముందే చెనిగ విత్తనం వేయాలి. మా నేలల్లో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎండను బట్టి, గాలిని బట్టి ఉంటుంది, అది దాటి ఒక్కరోజు ఆలస్యమైనా గింజ మొలవదు, మొలవకపోతే సంవత్సరం పోయినట్టే. తిరుపతిలో చేరవలసిన గడువు కూడా ఆ మరుసటి రోజే. రెండేళ్ళు ఎదురుచూసిన వానా, నా ప్రయాణమూ ఒకే పొద్దున వచ్చి పడ్డాయి.

మా నాయన విత్తనం వేసే గొర్రు వైపు చూశాడు, నీలంరంగు పెట్టె వైపు చూశాడు.

"ఏమప్పా, అట్ల సూస్తాండావు?" అంది మేనత్త. "నువ్వు ఇత్తనం ఎయ్యి. పిల్లను నేను ఇడిసిపెట్టి వస్తా."

"నువ్వా? యాడ ఎక్కల్ల, యాడ దిగల్ల, నీకేం తెలుసక్కా?"

"నోరుండాది కదా. అడుగుతా పోతా."

తెల్లవారేసరికి వంక పారుతోంది. ఊళ్ళోకి బస్సు వచ్చే దారి లేదు. తారురోడ్డు మీదికి చేరుకుంటేనే బస్సు దొరుకుతుంది. మా నాయన ఎద్దులను కాడికి కట్టి చేను గట్టున నిలబెట్టి వచ్చి, పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ పైదాకా పారుతున్న ఎర్రనీళ్ళలో మాకు ముందు నడిచాడు. అవతలి గట్టున పెట్టె దించి, తడిచేయి నా తలమీద పెట్టాడు. "బాగా తిను" అన్నాడు. అంతే, వెనక్కి తిరిగి నీళ్ళలో దిగిపోయాడు. అటువైపు చేరినాక కూడా ఆయన మా వైపు చూడలేదు, ఎద్దుల దగ్గరికి పరుగులాంటి నడకతో పోయాడు. అంతకన్నా ఆగితే ఆయన ఆరోజు విత్తనం వేయలేకపోయేవాడని నాకు తర్వాత చాలాకాలానికి అర్థమైంది.

పెట్టె మేనత్త నెత్తి మీదికి మారింది. బొంత నేను మోశాను.

కొత్తచెరువులో తిరుపతి బస్సు ఎక్కేదాకా నేను భయపడుతూనే ఉన్నాను గానీ, ఎక్కినాక మేనత్తను చూస్తూంటే ఆ భయమే మరచిపోయాను. ముందు సీటు ఆమె అడిగి తీసుకుంది. డ్రైవరుది ఏ ఊరో కనుక్కుంది. వెనకసీటు ఆవిడకు తమలపాకు ఇచ్చింది. ప్రతి ఊరిలోనూ తల బయటపెట్టి, "ఇది ఏ ఊరప్పా?" అని అడిగేది, చెప్పినాక ఆ పేరు లోపల అనుకునేది, అక్కడ కనబడే మసీదో, చింతచెట్టో, రాళ్ళగుట్టో చూసి గుర్తు పెట్టుకునేది. ఎందుకత్తా అంటే, తిరిగి రావద్దా మరి అంది. అప్పుడు తట్టింది నాకు, పోయేటప్పుడు మేమిద్దరం, వచ్చేటప్పుడు ఆమె ఒక్కతే.

కదిరి దాటాం, నాకేమీ కాలేదు. ములకలచెరువు దాటాం, ఏమీ కాలేదు. మదనపల్లెలో బస్సు ఆపి భోజనాలు చేసిరండన్నారు. మేనత్త రొట్టెలమూట విప్పి నా ముందు పెట్టింది, తను మాత్రం తర్వాత తింటానంది. పొద్దున కూడా ఆమె ఏమీ తినలేదని నాకు గుర్తొచ్చింది. ఈరోజు శనివారం కాదు కదా అత్తా, నువ్వు తింటేనే నేను తింటాను అని మొండికేశాను. ఆమె కాసేపు నన్ను చూసి, నవ్వి, రొట్టె తుంచుకుని చెనిక్కాయల పొడి అద్దుకుని తింది. ఇంకొకటి కూడా పెట్టాను, అదీ తింది.

పీలేరు దాటి కొండల్లో ప్రవేశించాక మలుపులు మొదలయ్యాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. నేను రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని ఎదురుచూస్తున్నాను. నాకు రాలేదు. పక్కన మేనత్త మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి, నుదుటి మీద చెమట, కళ్ళు మూసుకుని ఉంది. నేను అత్తా అనేలోపలే కిటికీలోంచి తల బయటపెట్టింది.

డ్రైవరు రోడ్డు పక్కన బస్సు ఆపాడు. నేను ఆమెను దింపి, ఒక రాయి మీద కూర్చోబెట్టి, నుదురు పట్టుకున్నాను. ఆమె చేసినట్టే మొహం కడిగాను, చీరె కడిగాను, వీపు నిమిరాను. నా కోసమని ఆమె మూటలో తెచ్చిన నిమ్మకాయ కొరికి రసం నోట్లో పిండాను. ఆ సన్నటి ఒళ్ళు నా చేతుల్లో వణుకుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తావేందే పిచ్చిదానా, నాకేమైంది?" అంది కొంచెం తేరుకున్నాక. "నాకు బస్సు యానాడూ పడల్యా."

మరి ఇన్నాళ్ళూ నాతో అన్నిసార్లు తిరిగావు కదా అన్నాను.

"శనివారం శనివారం ఒక్కపొద్దు యాల ఉంటి అనుకుంటివి? కడుపులో ఏమన్నా ఉంటే కదా బయటికి వచ్చేది" అని నవ్వబోయింది. "నేనే కక్కుకుంటే నీకు ధైర్యం ఎట్ల వస్తాది? అందుకే చెప్పల్యా."

ఆ వేసవి అంతా, ఎండలో, ఖాళీ కడుపుతో, కమ్మీని గట్టిగా పట్టుకుని, నన్ను మాట్లాడిస్తూ కూర్చున్న మనిషి లోపల ఏమి అనుభవించిందో ఆ కొండమలుపులో నాకు తెలిసింది. నేను తర్వాత ముప్ఫైయేళ్ళకు పైగా ఆసుపత్రుల్లో పనిచేశాను, గొప్ప ధైర్యవంతులను చూశాను. ఆమెకన్నా ఎక్కువగా ఎవరినీ మెచ్చుకోలేకపోయాను. ఒకరికి జబ్బుచేస్తే నుదురు ఎలా పట్టుకోవాలో నాకు మొదట నేర్పింది కూడా ఆ రోజే, ఆమె ఒళ్ళే.

పొద్దు వాలేలోగా తిరుపతి చేరాం. హాస్టలు చూసుకునే పెద్దావిడతో మేనత్త చాలాసేపు మాట్లాడింది, పిల్లకు సంగటి లేకపోయినా ఫరవాలేదు గానీ కారం లేకపోతే తినదని చెప్పింది. ఆ రాత్రికి ఆవిడే మేనత్తకు వరండాలో చోటిచ్చింది. మరునాడు పొద్దున్నే, ఇంత దూరం వచ్చావు, కొండెక్కి దర్శనం చేసుకుని పో అని ఆవిడ ఎంతో చెప్పింది. ఏడుకొండలవాడి పేరు మీద ఏళ్ళ తరబడి దీపం పెట్టిన మనిషి మా మేనత్త. క్షణం తటపటాయించి, "స్వామి యాడికీ పోడులేమ్మా. పదును పోతాది" అని మూట చంకన పెట్టుకుంది.

బస్టాండు దాకా నేనూ పోయాను. ఏమీ తినకుండా ఎక్కింది, ఈసారి నేను తినమనలేదు. బస్సు ఎక్కేముందు వెనక్కి తిరిగి, కొండ కనబడేచోట నిలబడి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని, ఏడవవద్దనీ, ఏడిస్తే తను దారి గుర్తులు మరచిపోతాననీ చెప్పింది.

ఆమె ఎలా పోయిందో మా నాయన తర్వాత చెప్పాడు. ములకలచెరువు దగ్గర బస్సు చెడిపోతే ఇంకొకటి ఎక్కి, పొద్దుగూకక ముందే తారురోడ్డు మీద దిగి, ఇంటికి పోకుండా నేరుగా చేను దగ్గరికి వచ్చిందట. ఇంకా కొంత చేను మిగిలి ఉందట. పిల్ల బాగా చేరిందా అని మా నాయన అడిగితే, చేరింది, నువ్వు ఎద్దులను తోలు అని, గొర్రు వెనక నడుస్తూ విత్తనం వదలడం మొదలుపెట్టిందట. ఆ ఏడు పంట మరీ గొప్పగా పండలేదు, పూత సమయానికి వాన ముఖం చాటేసింది. అయినా తిండికీ, మళ్ళీ విత్తనానికీ సరిపోయింది. నేను శిక్షణ పూర్తిచేసి మా జిల్లాకే ఉద్యోగానికి వచ్చాను. ఆ మూడేళ్ళలో ఆమె నన్ను చూడటానికి ఇంకా రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పస్తుతోనే అని నాకు తెలుసు.

ఉద్యోగం వచ్చాక ఆమెను కారులో కొండకు తీసుకుపోతానని చాలాసార్లు పిలిచాను. ఎప్పుడు పిలిచినా ఒక మేక ఈనబోతుండేది, లేదా మబ్బు పట్టి ఉండేది. చివరికి ఒకసారి గట్టిగా అడిగితే, "ఆపొద్దు బస్టాండులో నిలబడి సూసినా కదే, మొక్కినా కదే. ఇంకేం గావల్ల?" అంది. ఆమె మాటలో వెలితి లేదు. కొన్నేళ్ళకు, ఎవరికీ పెద్దగా శ్రమ ఇవ్వకుండా, నిద్రలోనే పోయింది.

నేను ఎందరో రోగులకు నొప్పి దాచుకోకండి, నోరు తెరిచి చెప్పండి అని చెబుతూ బతికినదాన్ని. ఈనాటి పిల్లలు చెబుతున్నారు కూడా. తల నొస్తే తల నొస్తోందంటారు, భయమేస్తే భయమేస్తోందంటారు, ఎవరూ ఎవరికోసమూ ఖాళీ కడుపుతో కూర్చోనక్కరలేదు. ఇది మంచి మార్పే, ఇంకో మాటే లేదు, మా మేనత్త కూడా చూసి సంతోషించేదే. కానీ ఈ రోజుల్లో ప్రయాణాల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు హాయిగా నిద్రపోతూ ఉంటే, కొండమలుపుల్లో నేనొక్కదాన్నే మేలుకుని ఉంటాను. నన్ను మాట్లాడించేవాళ్ళు ఎవరూ ఉండరు, మాట్లాడించవలసిన అవసరమూ నాకిప్పుడు లేదు.